ప్రోగ్రాం ఆగింది, కంప్యూటర్ ఎందుకు ఆగలేదు?

సి ప్రోగ్రాంలో పాయింటర్ తప్పితే ‘సెగ్మెంటేషన్ ఫాల్ట్’ అని ప్రోగ్రాం ఆగిపోతుంది. కంప్యూటర్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఎందుకు?

కోయంబత్తూరు గాంధీపురంలో మన తెలుగు పిల్లలు చాలామందికి ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కాలేజీలో ఇంగ్లీషు. ఈ సంగతి ఇంటి భాషలోనే నిదానంగా చెప్పుకోవాలని నా కోరిక.

మామూలు ప్రోగ్రాంలు యూజర్ మోడ్‌లో నడుస్తాయి, ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయైన కెర్నల్ సూపర్‌వైజర్ మోడ్‌లో. తనది కాని అడ్రసులో ప్రోగ్రాం రాయబోతే ప్రాసెసర్ ఆ పని పూర్తి కానివ్వదు. రిస్క్-ఫైవ్ ప్రాసెసర్‌నే తీసుకోండి. మద్రాస్ ఐఐటీ వారి ‘శక్తి’ ఆ జాతిదే. 2018లో దానిమీద లినక్స్ నడిచింది. రిస్క్-ఫైవ్‌లో ఎస్‌కాజ్ రిజిస్టర్ కారణాన్ని చెబుతుంది: పేజీలో, అంటే మెమరీని విభజించిన ముక్కలో, రాయబోయి తప్పితే 15. ఎస్‌టీవాల్‌లో ముట్టుకోబోయిన అడ్రసు, ఎస్‌ఈపీసీలో ఏ ఆదేశం దగ్గర ఆగిందో ఆ చోటు. అక్కణ్ణుంచి ప్రాసెసర్ కెర్నల్ ముందే చెప్పి ఉంచిన చోటికే దూకుతుంది. ఎక్కడికి దూకాలో ఎంచుకునే హక్కు ప్రోగ్రాంకు లేదు. రక్షణకు కీలకం ఇదే.

ప్రతి ఫాల్టూ నేరం కాదు. కోయంబత్తూరు చుట్టుపక్కల ఆటోమేటిక్ మగ్గాల్లో పడుగు దారం తెగితే మగ్గం తనంతట తనే ఆగుతుంది. ముడి వేస్తే నేత మళ్ళీ సాగుతుంది. అలాగే ప్రోగ్రాంకు హక్కున్న పేజీ ఇంకా మెమరీలోకి రాకపోతే కెర్నల్ దాన్ని తెచ్చిపెడుతుంది, ఆగిన ఆదేశాన్నే మళ్ళీ నడిపిస్తుంది. ప్రోగ్రాంకు ఆ సంగతే తెలియదు. హక్కు లేని అడ్రసైతేనే లినక్స్ 11వ సిగ్నల్ పంపుతుంది. మీకు కనబడే సందేశం దాని ఫలితమే.

ప్రోగ్రాం కావాలని కెర్నల్‌ను పిలిచేది ట్రాప్. దానికి ‘ఈకాల్’ అనే ఆదేశం ఉంది. ఇక్కడ మళ్ళీ అదే ఆదేశం నడవకూడదు. అందుకే కెర్నల్ ఎస్‌ఈపీసీకి 4 కలిపి తర్వాతి ఆదేశానికి పంపుతుంది. టైమరు, కీబోర్డు వంటివి బయటనుంచి తట్టేవి ఇంటరప్టులు. వాటిలో ప్రోగ్రాం తప్పేమీ లేదు కనుక ఆగినచోటి నుంచే కొనసాగుతుంది.

ఫాల్టు కెర్నల్ కోడ్‌లోనే వస్తే ఆ తప్పును సర్దడానికి పైన మరో కెర్నల్ లేదు. అప్పుడే కంప్యూటర్ మొత్తం ఆగిపోయే ప్రమాదం.

ఇదంతా కళ్ళతో చూడాలంటే, పాఠాల కోసం ఎంఐటీ రిస్క్-ఫైవ్‌కు రాసిన ఎక్స్‌వీ6 కెర్నల్‌లో ట్రాప్ డాట్ సి ఫైలు తెరవండి. ఆ 4 కలిపే వరుస అక్కడే ఉంది. దాన్ని తీసేసి నడిపితే ప్రోగ్రాం ఈకాల్ దాటి ముందుకు కదలదు.