చేవ్రాలు చేయు చిన్నయంత్రము

గడచిన క్రిస్మసు సెలవులలో మన పాఠశాల పూర్వవిద్యార్థి యొకడు నన్ను చూడవచ్చి, వ్రేలెడు పొడవుగల యంత్రము నొకదానిని బల్లపై నుంచి, “మాష్టరుగారూ, నా ఇథీరియము సొమ్మంతయు దీనిలో నున్నది. ఇక దొంగల భయము లేదు” అనెను. అతని మాటలో రెండు పొరపాటులు గలవు. ఇట్టి యంత్రములను వాడువారు మన పూర్వవిద్యార్థులలో మరికొందరుందురు గావున వానిని వివరించుచున్నాను.

మొదటి పొరపాటు చిన్నది. సొమ్ము యంత్రములో లేదు. ఎవరి లెక్కలో నెంత గలదను వివరము వేలకొలది కంప్యూటర్లలో నొకే తీరున వ్రాయబడియున్న బ్లాక్‌చెయిన్ అను బహిరంగపు ఖాతాపుస్తకమున నున్నది. ఒక లెక్కనుండి మరియొక లెక్కకు మార్చుటకు సొంతదారుని చేవ్రాలు కావలెను. ఇది కలముతో చేయు చేవ్రాలు గాదు. దాదాపు 78 అంకెల పొడవుగల రహస్యసంఖ్యతో గణితమార్గమున గట్టబడునది. ఆ సంఖ్య యెవని చేతబడిన వాడే యజమానుడు. యంత్రములో దాగియున్నది ఆ సంఖ్య మాత్రమే.

మెటామాస్క్ వంటి వ్యాలెట్టు బ్రౌజరునకు తగిలించుకొను ప్రోగ్రాము. దానినొక్కదానినే వాడినయెడల రహస్యసంఖ్య కంప్యూటరులోనే పాస్‌వర్డుచే మూయబడి యుండును. కంప్యూటరులో దొంగ ప్రోగ్రాము దూరినచో నది పోవచ్చును. లెడ్జర్, ట్రెజర్ మొదలగు యంత్రములు తోడైనప్పుడు పని రెండుగా విడిపోవును. బ్రౌజరు గుమాస్తావలె పత్రము వ్రాసి యంత్రమునకు బంపును. యంత్రము తన చిన్నతెరపై ఎవరికి, ఎంత, రుసుమెంత యని చూపును. యజమానుడు మీట నొక్కినగాని చేవ్రాలు పడదు. పడిన చేవ్రాలు వెలుపలికి వచ్చును గాని సంఖ్య రాదు. గుమాస్తా దొంగయైనను ముద్ర వాని చేతికి చిక్కదు. ఇంతవరకు మావాని ధైర్యము సరియైనదే.

రెండవ పొరపాటు పెద్దది. ముద్ర చిక్కకున్నను దానిని వేయించుకొనుట దొంగకు సాధ్యము. యెజెబెలు అహాబు పేర తాకీదులు వ్రాసి యతని ముద్ర వేసి పంపిన కథ మన విద్యార్థులెల్ల రెరుగుదురు. ముద్ర రాజుదే, పోయినది నాబోతు ప్రాణము.

2025 ఫిబ్రవరి 21వ తేదీన బైబిట్ అను క్రిప్టో మారకసంస్థకు నిట్టిదే సంభవించెను. పలువురు చేవ్రాలు చేసినగాని కదలని నిలువ యది. దొంగలు ఎవరి యంత్రమును ముట్టలేదు. పత్రము వ్రాయు సేఫ్ అను వ్యాలెట్టు వెబ్‌పుటను రహస్యముగా మార్చిరి. కంప్యూటరు తెరపై సరియైన చిరునామాయే కనబడెను. యంత్రములకు వెళ్లిన పత్రము మాత్రము ఆ నిలువపై నధికారమునే దొంగల కప్పగించునది. చేవ్రాలు చేసినవారిలో సంస్థ ముఖ్యాధికారియు నుండెను. ఆయన వాడినది లెడ్జర్ యంత్రమే. సుమారు 150 కోట్ల డాలర్లు పోయెను. అంతకుముందు, 2024 జూలై 18న, మన దేశపు వజీర్‌ఎక్స్ సంస్థనుండి 23 కోట్ల డాలర్లకు మించి పోయినప్పుడును తెరపై జూపినదొకటి, చేవ్రాలు పడినది వేరొకటి యని యా సంస్థ ప్రకటించెను. తెరను నడపు సంస్థ యీ నింద నంగీకరింపలేదు.

యంత్రపు తెర యేల హెచ్చరింపలేదని యడుగవచ్చును. వ్యవహారము జటిలమైనప్పుడు ఆ చిన్నతెర దానిని చదివి చెప్పజాలక, అర్థముగాని యక్షరముల వరుసను మాత్రమే చూపుట కలదు. అప్పుడు మీట నొక్కుట తెల్లకాగితముపై వ్రేలిముద్ర వేయుటతో సమానము. అర్థము గానిచో నిరాకరించు మీట నొక్కవలెను, పని యాగిననేమి? అర్థమైనప్పుడును చిరునామాలోని మొదటి నాలుగు, కడపటి నాలుగు అక్షరములు చూచి తృప్తి చెందరాదు. ఆ కొనలు సరిపోలు చిరునామాలను దొంగలు పనిగట్టుకొని పుట్టించుచున్నారు. హద్దులేని యనుమతిపత్రముపై నొకమారు చేవ్రాలు పడెనా, పిమ్మట యంత్రము నడుగకయే టోకెన్లను తరలించుకొని పోగలరు.

ఇదంతయు విని మావాడు, తాను బ్రౌజరులో జూచి యంత్రముపై వెంటనే నొక్కుచుంటినని యొప్పుకొనెను. ఒక చిన్నమొత్తమును పంపజూచితిమి. చిరునామాలోని 40 అక్షరములను యంత్రపు తెరనుండి యతడు చదువ, నేను కాగితముతో సరిచూచితిని. రెండు నిమిషములైన బట్టలేదు.

పిదప, యంత్రము పాడైనచో సొమ్మును మరల రాబట్టునట్టి 24 ఇంగ్లీషు మాటల సంగతి యడిగితిని. అవి 2048 మాటల పట్టికనుండి యంత్రమే యేరి యిచ్చునవి. కాగితముపై వ్రాసి దాచవలసినవి. కొందరు వానిని మెటామాస్క్‌లోనే టైపు చేయుదురు. అంతటితో యంత్రము కొన్న ఫలము పోయినట్లే. “కాగితమెక్కడ?” అంటిని. కాగితము పోవునను భయముచే సెల్‌ఫోనుతో ఫోటో తీసి యుంచితి ననెను. ఆ సాయంకాలమే యంత్రమున క్రొత్తమాటలు పుట్టించి, సొమ్మంతయు క్రొత్తలెక్కకు మార్చుకొమ్మని చెప్పి పంపితిని.