హిరోషిమా స్మృతి తంతుగా మారకూడదంటే

ఏటా ఆగస్టు 6న మన ప్రాంతంలో హిరోషిమా దినం జరుపుకుంటాం. జన విజ్ఞాన వేదిక వంటి సంస్థల చొరవతో బడిపిల్లలు అట్టలు పట్టుకుని ఊరేగుతారు. సాయంత్రం సభలో కవిమిత్రులు కవితలు చదువుతారు. సంకల్పం మంచిదే. కాని ఆ కవితల్లో మరుసటి ఆగస్టు దాకా గుర్తుండేవి ఎన్ని? పుట్టగొడుగు మేఘం, శాంతి కపోతం, మారణహోమం, మానవాళి - ఈ నాలుగు మాటలూ తీసేస్తే చాలా కవితల్లో మిగిలేది స్వల్పం. ఇది ప్రతిభాలోపం కాదు. స్మృతి అంటే ఏమిటో మనం తగినంతగా ఆలోచించకపోవడం వల్ల వచ్చిన లోపం.

1945 ఆగస్టు 6 ఉదయం 8 గంటల 15 నిమిషాలకు పేలిన బాంబు వల్ల ఆ ఏడాది చివరికి హిరోషిమాలో సుమారు 1,40,000 మంది మరణించారు. ఆగస్టు 9న పేలిన రెండో బాంబు వల్ల నాగసాకిలో సుమారు 70,000 మంది. అంకెలు చెప్పవలసిందే. అయితే అంకె దగ్గరే ఆగిన రచన పాఠకుణ్ణి కదిలించదు. హిరోషిమా శాంతి స్మారక మ్యూజియంలో ఒక బడిపిల్లవాడి అన్నం క్యారేజీ ఉంది. అతని శవంతోపాటు తల్లికి దొరికిన ఆ క్యారేజీలో తిండి మాడి బొగ్గయిపోయింది. మన బడిలో ఏ పిల్లవాడికైనా అణుబాంబు అంటే ఏమిటో ఆ క్యారేజీ చెబుతుంది.

ఇలాంటి సాక్ష్యాలు వాటంతట అవే నిలవలేదు. బతికి బయటపడినవారిని జపాన్‌లో 'హిబాకుషా' అంటారు. అమెరికా ఆక్రమణ కాలంలో బాంబు బాధల గురించిన రాతలపై ఆంక్షలుండేవి. దానికి తోడు హిబాకుషాలకు పెళ్లిళ్లలో, ఉద్యోగాలలో వివక్ష ఎదురైంది. చాలామంది నోరు విప్పలేకపోయారు. 1954 మార్చిలో బికినీ వద్ద అమెరికా పేల్చిన హైడ్రోజన్ బాంబు బూడిద ఒక జపాన్ చేపల పడవ మీద కురిసింది. పట్టి తెచ్చిన చేపలను పాతిపెట్టవలసి వచ్చింది. చేపను నమ్ముకుని బతికే మన కొల్లేటి జనానికి ఆ భయం వేరుగా వివరించనక్కరలేదు. టోక్యోలోని సుగినామిలో గృహిణులు ముందుండి నడిపిన సంతకాల ఉద్యమం దేశమంతటా పాకి మూడు కోట్ల సంతకాలు దాటింది. 1955లో హిరోషిమాలో ప్రపంచ మహాసభ జరిగింది. 1956లో బాధితుల సంఘం నిహోన్ హిడాంక్యో ఏర్పడింది. 2024లో దానికే నోబెల్ శాంతి బహుమతి లభించింది. బాధితుడు సాక్షిగా నిలబడాలంటే అతని వెనుక ఒక సమాజం నిలబడాలి. ఈ చరిత్ర చెప్పేది అదే.

సడాకో ససాకి కథ మన పిల్లలకు కూడా తెలుసు. రెండేళ్ల వయసులో బాంబుకు గురై, 1955 అక్టోబరు 25న, పన్నెండో ఏట రక్త కేన్సర్‌తో మరణించిన బాలిక ఆమె. వెయ్యి కాగితపు కొంగలు మడిస్తే కోరిక తీరుతుందన్నది అక్కడి నమ్మకం. వెయ్యి పూర్తికాకముందే ఆమె కన్నుమూసిందని ప్రచారంలో ఉన్న కథ. నిజానికి ఆమె వెయ్యి దాటింది. అయినా బతకలేదు. మొదటి కథ కంటనీరు పెట్టిస్తుంది. రెండోది ప్రశ్న రేపుతుంది. మొక్కు తీరకపోవడం వల్ల కాదు, మనుషులు చేసిన బాంబు వల్ల ఆమె చనిపోయింది. ఈ తేడాను పట్టుకోవడమే రచయిత పని. తోటి విద్యార్థులు ఏడ్చి ఊరుకోలేదు. చందాలు పోగుచేశారు. దేశమంతటి పిల్లలూ తోడయ్యారు. 1958 మే 5న హిరోషిమాలో బాలల శాంతి స్మారకం వెలసింది.

ఇక ఆ కొంగ సంగతి. కైకలూరు పక్కనే ఆటపాక. పెలికాన్లను, ఎర్రకాళ్ల కొంగలను రోజూ చూసే ప్రాంతం మనది. కాని తెలుగులో కొంగ అనగానే స్ఫురించేది కొంగజపం. చేపల కోసం కళ్లు మూసుకున్న దొంగ తపస్సు. అరువు తెచ్చుకున్న ప్రతీకను మన నుడికారం ఇలా అడ్డుకుంటుంది. జపాన్ వారి పక్షి సారస జాతిది. వాల్మీకి చూసిన క్రౌంచాన్ని కూడా పలువురు ఆ జాతిదిగానే గుర్తించారు. బోయవాని బాణానికి కూలిన ఒక్క పక్షిని చూసిన శోకం నుంచే మన ఆదికావ్యం పుట్టిందని కదా చెప్పుకుంటాం! హత్యను నిరసించడం మన కవిత్వానికి జన్మలక్షణం. ఆ ప్రతీక మన ఇంట్లోనే ఉంది.

యుద్ధం కూడా మనకు పరాయిది కాదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. మరుసటి ఏడు, 1943లో, తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఆవిర్భవించింది. తణుకు ప్రాంతపు తిలక్ 'సైనికుడి ఉత్తరం' రాసినప్పుడు మానవాళి గురించి ఉపన్యసించలేదు. ఒక సైనికుడి చేత ఉత్తరం రాయించాడు. విద్యార్థులు నేర్చుకోవలసిన శిల్పరహస్యం ఇక్కడుంది.

అయితే శిల్పం ఒక్కటే చాలదు, నిజాయితీ కావాలి. 1950 స్టాక్‌హోం విజ్ఞప్తి అణ్వస్త్రాలను పూర్తిగా నిషేధించాలన్నది. కాని ఆ తరం శాంతి ఉద్యమం అమెరికా బాంబును ఖండించినంత గట్టిగా సోవియట్ బాంబును ఖండించలేదన్న విమర్శను తోసిపుచ్చలేం. 1974లో, 1998లో పోఖ్రాన్‌లో మన దేశమే పరీక్షలు జరిపింది. బాంబు ఉంటే యుద్ధం రాదన్నారు. మరుసటి ఏడే కార్గిల్ యుద్ధం వచ్చింది. అణ్వస్త్ర నిషేధ ఒప్పందం 2021 జనవరి 22న అమలులోకి వచ్చింది. అణ్వస్త్రాలున్న తొమ్మిది దేశాలలో ఒక్కటీ అందులో చేరలేదు. భారతదేశమూ చేరలేదు. పరాయి బాంబు రాక్షసమనీ, మన బాంబు రక్షణ అనీ అనుకుంటూ హిరోషిమా కోసం కన్నీరు కార్చడం అచ్చమైన కొంగజపం.

కనుక ఈసారి ఆగస్టు 6న కవిత రాయబోయే మిత్రులు ఒక మనిషిని, ఒక వస్తువును, ఒక గంటను ఎంచుకోవాలి. నిజం తెలుసుకుని రాయాలి. రాసినదాన్ని సభలో చదివి మడిచి జేబులో పెట్టుకోకుండా, దానితోపాటు ఆ నిషేధ ఒప్పందంపై మన దేశం కూడా సంతకం చేయాలని కోరే విజ్ఞప్తిని ఊళ్లో తిప్పాలి. సుగినామి గృహిణులు కవులు కారు. వాళ్లు చేసిన పని మాత్రం మనం చేయగలిగిందే.