ఆస్పత్రికీ ఇంటికీ మధ్య...

మనసుకి జబ్బు చేస్తే మనలో చాలామందికి తెలిసిన దార్లు రెండే. ఆస్పత్రిలో చేర్చడం, లేదంటే నెలకోసారి డాక్టరుకి చూపించి మందులు తెచ్చుకోవడం. అమెరికాలో ఈ రెంటి మధ్యా ఇంకొన్ని మెట్లున్నాయి. పిల్లలు అక్కడ ఉన్న ప్రతి ఇంటా ఈ సంగతి తెలిసుండాలి. ఎందుకంటే, ఏ మెట్టు మీద ఎన్నాళ్లుండాలో డాక్టరు చెబితే సరిపోదు. ఖర్చు భరించే బీమా కంపెనీ కూడా 'ఊ' అనాలి!

పగలు వైద్యం... రాత్రి ఇల్లు
మొదటిది 'పార్షియల్ హాస్పిటలైజేషన్'. పొద్దున వెళ్లి, కౌన్సెలింగూ మందులూ చూసుకుని సాయంత్రానికి ఇంటికొచ్చేయడమే. వారానికి దాదాపు 20 గంటలు. దాని కిందిమెట్టు 'ఇంటెన్సివ్ ఔట్‌పేషెంట్'. పెద్దలకైతే వారానికి కనీసం 9 గంటలు. రోజుకి మూడు గంటల చొప్పున మూడు రోజులన్నమాట. చదువో ఉద్యోగమో మానకుండానే కోలుకోవచ్చు. వృద్ధుల కోసం ప్రభుత్వం నడిపే మెడికేర్ కూడా 2024 జనవరి నుంచి ఈ రెండో రకానికి డబ్బు చెల్లిస్తోంది.

అనుమతి ఎలా?
చాలా పాలసీల్లో ముందుగా అనుమతి తీసుకోవాలి. ఆత్మహత్య ఆలోచనలున్నాయా, రాత్రిపూట ఇంట్లో క్షేమంగా ఉండగలరా, కిందిమెట్టు వైద్యం పనిచేయలేదా... ఇవీ కంపెనీ ప్రశ్నలు. సరే అన్నా కొద్దిరోజులకే. గడువు తీరగానే మళ్లీ సమీక్ష.

చిక్కంతా అక్కడే. ప్రమాదం ఎక్కువంటే 'ఈ మెట్టు చాలదు' అంటారు. తగ్గిందంటే 'ఇక అక్కర్లేదు' అంటారు! అందుకే కేసు కాగితాల్లో 'బాగున్నాడు' అన్న ఒక్కమాట ఉంటే చాలదు. నిద్ర పడుతోందా, ఇంకా ఏ లక్షణాలు మిగిలాయి, వైద్యం ఆపితే ఏమవుతుంది... ఉన్నదున్నట్టు వివరంగా ఉండాలి.

ఈ కొలమానాల మీద కోర్టుల్లోనూ పెద్ద వాదనే నడిచింది. యునైటెడ్ బిహేవియరల్ హెల్త్ మార్గదర్శకాలు అప్పటికప్పుడు కనిపించే తీవ్రతకే పెద్దపీట వేసి, అసలు జబ్బుని పట్టించుకోలేదని 2019లో కాలిఫోర్నియాలోని ఫెడరల్ కోర్టు తప్పుపట్టింది. అప్పీల్లో ఆ తీర్పు చాలావరకు నిలవలేదు. అయితే, వైద్యనిపుణుల సంఘాల ప్రమాణాలనే పాటించాలంటూ కాలిఫోర్నియా తెచ్చిన చట్టం 2021 నుంచి అమల్లో ఉంది. ఒంటి జబ్బుకి లేని ఆంక్షలు మనసు జబ్బుకి పెట్టకూడదని 2008 నాటి ఫెడరల్ చట్టమూ చెబుతోంది.

కాదంటే ఏం చేయాలి?
* ఏ కారణంతో, ఏ ప్రమాణం ప్రకారం కాదన్నారో రాతపూర్వకంగా అడగాలి.
* కంపెనీ డాక్టరుతో మన డాక్టరుని నేరుగా మాట్లాడమనాలి. చాలా పేచీలు ఇక్కడే తేలిపోవచ్చు.
* అప్పీలుకి సాధారణంగా 180 రోజుల గడువుంటుంది. అత్యవసరమైతే 72 గంటల్లో జవాబివ్వాలి.
* అక్కడా కాదంటే, నాలుగు నెలల్లోగా కంపెనీతో సంబంధంలేని నిపుణుల సమీక్ష కోరవచ్చు. వాళ్ల మాటకి కంపెనీ కట్టుబడాల్సిందే.

ఇక్కడి అమ్మానాన్నలకి మరోమాట. పిల్లలకి 18 ఏళ్లు నిండితే, వాళ్ల రాతపూర్వక అనుమతి లేకుండా ఆస్పత్రిగానీ బీమా కంపెనీగానీ సాధారణంగా మీకు వివరాలు చెప్పవు. ఆ కాగితం మీద సంతకం ముందే చేయించి ఉంచితే, ఇక్కణ్నుంచే ఫోన్లో అప్పీలు పనులు చూసుకోవచ్చు. చదువుకోవడానికి వెళ్లేవాళ్లు బీమా కొనేటప్పుడే ఈ మధ్యమెట్లకి పాలసీ వర్తిస్తుందో లేదో చూసుకోవాలి. ధర తక్కువని ఎంచుకున్న పాలసీలో అది లేకపోతే అప్పీలుతోనూ పెద్దగా లాభముండదు.

ప్రాణం మీదికొచ్చే పరిస్థితైతే మాత్రం అనుమతుల కోసం ఆగొద్దు. అమెరికాలో 988కి, మనదేశంలో టెలిమానస్ 14416కి ఫోన్ చేయాలి. కాగితాల సంగతి తర్వాత. ముందు మనిషి దక్కాలి.