ఇసే ఆలయము – ఇరువది యేండ్ల ప్రాచీనత

జపానుదేశపు షింటో క్షేత్రములలో ఇసే అగ్రగణ్యమైనది. ఇచ్చట సూర్యాధిదేవత యగు అమతెరాసు దేవికి లోపలి ఆలయమును, ఆహారాధిదేవత యగు తోయోఉకే దేవికి వెలుపలి ఆలయమును గలవు. యాత్రికులు వెలుపలి ఆలయమును ముందు దర్శించుట ఆచారము.

లోపలి ఆలయమునకు ఇసుజు నదిపై నున్న ఉజి వంతెన మీదుగా పోవలెను. వంతెన కిరుప్రక్కల తోరీ యను కొయ్య ద్వారము లున్నవి. నిలువుస్తంభములు రెండు, వానిపై అడ్డుదూలములు. తలుపు లేదు, గోపురమును లేదు. భక్తులు దానియొద్ద తలవంచి, గులకరాళ్ల బాటను నడచి, నదిరేవున చేతులు కడిగికొందురు. సన్నిధియందు రెండుమారులు వంగి, రెండుమారులు చప్పట్లు చరచి, మరల నొకమారు వంగుదురు. దేవతాదర్శనము మాత్రము లేదు. గర్భాలయము నాలుగు కొయ్య ప్రాకారముల నడుమ నున్నది. వాకిటి తెల్లని తెర యెదుటనే సామాన్యుడు నిలువవలెను.

అయినను ఆలయము ప్రక్కనే అంతటి ఖాళీస్థలము కానవచ్చును. క్షేత్రరహస్య మందే యున్నది. ఇరువది యేండ్ల కొకసారి ఆ స్థలమున ఆలయమును క్రొత్తగా నిర్మించి, రాత్రివేళ దేవతను వేంచేపు చేయింతురు, పాతదానిని విప్పివేయుదురు. 714 విధములైన వస్త్రాయుధాదులు, మొత్తము 1,576 వస్తువులు, క్రొత్తగా తయారగును. జితో మహారాణి కాలమున 690లో మొదలైన యీ ఆచారము 2013లో 62వ పర్యాయము జరిగినది.

హినోకి మ్రాను స్తంభములను పునాదిరాయి లేక నేలలో పాతుదురు. కప్పు గడ్డితో నేసినది. ఇట్టి కట్టడము తేమకు తట్టుకొనదు. ఇరువది యేండ్ల గడువునకు పలు హేతువులు చెప్పుదురు. అందు సబబుగా తోచున దొకటి: ఒక పర్యాయమున పని నేర్చిన పడుచు వడ్రంగి, మరుసటి పర్యాయమునకు మేస్త్రియై నేర్పగలడు.

ఆ గొలుసు ఒకప్పుడు తెగినది. అంతర్యుద్ధములవలన లోపలి ఆలయమునకు 1462 మొదలు 1585 వరకు, అనగా 123 ఏండ్లు, విధ్యుక్త పునర్నిర్మాణము లేకపోయెను. ఆ దుర్దశలో సేజున్ యను భిక్షుణి చందాలు ప్రోగుచేసి 1563లో వెలుపలి ఆలయమును కట్టించెను. షింటో దేవతకు బౌద్ధ సన్న్యాసిని యిల్లు నిలిపినదన్నమాట! ఇంత విరామము గడచిన పిమ్మట నేటి ఆలయము 690 నాటిదానికి అచ్చమైన ప్రతిరూప మనుట అతిశయోక్తి యగును.

విప్పిన కొయ్యయు వృథా కాదు. రెండాలయముల దూలమును మోసిన పెనుకంబములే ఉజి వంతెన తోరీలగును. మరి యిరువది యేండ్లకు సెకి, కువానా యూళ్లలోని పాతబాటల తోరీలై నిలుచును.