పుట్టింటి భాషలో ఉత్తరాలు

నాలుగేళ్ళ క్రితం వేసవి సెలవుల్లో జర్మనీ వెళ్ళినప్పుడు హైడెల్‌బర్గ్ కోట చూశాం. ఎర్ర ఇసుకరాతి గోడలు, పైకప్పులేని అంతస్తులు, కిటికీల్లోంచి కనబడే ఆకాశం. "దీన్ని ఎవరు పడగొట్టారమ్మా?" అంది మా అమ్మాయి. ఆ జవాబు కోసం తర్వాత చాలా చదవాల్సి వచ్చింది. ఒక్క మాటలో చెప్పాలంటే, ఈ ఇంటి ఆడపడుచుని చేసుకున్న అత్తవారే పడగొట్టారు. పైగా ఆ పిల్లకి రావలసిన వాటా అడుగుతున్నామంటూ!

ఆ ఆడపడుచు పేరు ఎలిజబెత్ షార్లెట్. ముద్దుపేరు లీజలోట. 1652లో హైడెల్‌బర్గ్‌లో పుట్టింది. తండ్రి కార్ల్ లుడ్విగ్ పాలటినేట్ సంస్థానాధిపతి. నాయనమ్మ ఎలిజబెత్ స్టువర్ట్, ఇంగ్లండు రాజు మొదటి జేమ్స్ కూతురు. వంశం గొప్పదే కానీ ఇల్లు మాత్రం కలతల కాపురం. తల్లి బతికుండగానే తండ్రి 1658లో లూయిజ ఫాన్ డేగన్‌ఫెల్డ్ అనే ఆమెను రెండో పెళ్ళి చేసుకున్నాడు. ఆమెకు పదమూడు మంది పిల్లలు. ఆ గొడవల మధ్య 1659లో ఏడేళ్ళ లీజలోటని హానోవర్‌లో ఉన్న మేనత్త సోఫీ దగ్గరికి పంపేశారు. అక్కడ గడిపిన నాలుగేళ్ళే తన జీవితంలో సుఖపడిన రోజులని ఆమె ముసలితనంలో కూడా తలుచుకునేది. ఇంకో విశేషం, ఆమె సవతి తల్లి పిల్లల్ని ద్వేషించలేదు. సొంత తోబుట్టువుల్లాగే చూసుకుంది.

1671లో, పంతొమ్మిదేళ్ళకి, పెళ్ళయింది. వరుడు ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ తమ్ముడు ఫిలిప్, ఓర్లేయాఁ డ్యూకు. అతనికిది రెండో పెళ్ళి. బలమైన పొరుగురాజుతో వియ్యమందితే తన చిన్న రాజ్యం క్షేమంగా ఉంటుందని తండ్రి లెక్క. పెళ్ళి కోసం ఆమె ప్రొటెస్టెంట్ మతం వదిలి కేథలిక్కుగా మారాల్సి వచ్చింది. మారింది గానీ, జర్మన్ బైబిలు చదవడం మానలేదు.

ఫిలిప్‌కి భార్య మీద కన్నా తన చుట్టూ తిరిగే మగ స్నేహితుల మీదే మక్కువ. ముగ్గురు పిల్లలు పుట్టాక ఇద్దరూ మాట్లాడుకునే పడకగదులు వేరు చేసుకున్నారు. పెద్దకొడుకు మూడేళ్ళు నిండకుండానే పోయాడు. మొదట్లో బావగారైన రాజుకి ఈ కోడలంటే ఇష్టంగానే ఉండేది. కలిసి వేటకి వెళ్ళేవారు. తర్వాత ఆ ఆదరణ తగ్గిపోయింది.

1685లో ఆమె అన్న సంతానం లేకుండా చనిపోయాడు. పాలటినేట్ మరో శాఖకి చేరింది. మా మరదలి వాటా మాటేమిటని లూయీ పేచీ పెట్టాడు. 1688లో మొదలైన యుద్ధానికి చెప్పిన కారణాల్లో అదొకటి. 1689లో ఫ్రెంచి సైన్యం హైడెల్‌బర్గ్‌ని తగలబెట్టింది, మాన్‌హైమ్‌ని నేలమట్టం చేసింది. 1693లో మళ్ళీ వచ్చి మిగిలినదాన్ని కూడా కాల్చింది. ఇదంతా తన పేరు మీదే జరుగుతుంటే లీజలోట వెర్సాయ్‌లో బావగారి దర్బారులో కూర్చుని ఉంది. కన్ను మూస్తే చాలు ఆ ఊళ్ళు కనిపించి ఉలిక్కిపడి లేచేదాన్నని మేనత్తకి రాసుకుంది. తండ్రి ఏ క్షేమం కోసం ఆమెను అంత దూరం పంపాడో, దానికి సరిగ్గా ఎదురు జరిగింది.

మరి ఆమె ఎలా తట్టుకుంది? ఉత్తరాలు రాసి. మేనత్త సోఫీకి, తనను పెంచిన గవర్నెస్ హార్లింగ్ గారికి, సవతి చెల్లెలు లూయిజకి, ఇంకా ఎందరికో. మొత్తం అరవై వేల దాకా రాసి ఉంటుందని పండితుల అంచనా. అందులో పదోవంతు మిగిలిందంటారు. దర్బారు ముచ్చట్లు, జబ్బులు, కుక్కపిల్లలు, తిండి గోల, అన్నీ అందులో ఉన్నాయి. వెర్సాయ్‌లో అందరూ కాఫీ, టీ, చాక్లెట్ అంటూ మురిసిపోతుంటే ఈవిడకి బీరుతో కాచిన సూపూ, పులిసిన క్యాబేజీ కూరా కావాలి. ఆవకాయ సీసా సూట్‌కేసులో దాచుకొచ్చిన మనకి ఆ బాధ ఎవరూ చెప్పక్కర్లేదు.

తన ఉత్తరాలు తపాలాలో విప్పి చదువుతారని ఆమెకి తెలుసు. అయినా రాజుగారి రెండో భార్య మాంతెనోఁని తిట్టడం మానలేదు. ఆ జర్మన్‌లో ఫ్రెంచి మాటలు చాలా దొర్లుతుంటాయి. మన మాటల్లో ఇంగ్లీషు దొర్లినట్టే. కల్తీ అయిందని సిగ్గుపడి ఆ భాషలో రాయడం మాత్రం ఆపలేదు.

1701లో భర్త పోయాడు. అదే ఏడాది ఇంగ్లండు పార్లమెంటు సింహాసనం ప్రొటెస్టెంటులకే అని చట్టం చేసి సోఫీ వంశాన్ని వారసులుగా నిర్ణయించింది. వరస ప్రకారం సోఫీ కన్నా లీజలోటే ముందు. కానీ పెళ్ళికోసం మార్చుకున్న మతం అడ్డొచ్చింది. 1714లో సోఫీ చనిపోయింది. అదే ఏడాది సోఫీ కొడుకు మొదటి జార్జిగా ఇంగ్లండు రాజయ్యాడు. లీజలోట కొడుకు ఫిలిప్ 1715 నుంచి 1723 దాకా బాలరాజు తరఫున ఫ్రాన్సుని ఏలాడు. కూతురి వైపున చూస్తే ఫ్రెంచి విప్లవంలో తల పోగొట్టుకున్న మేరీ ఆంటొనెట్ ఈమెకు మునిమనవరాలు. లీజలోట 1722 డిసెంబరు 8న సాన్-క్లూలో కన్నుమూసింది. యాభై ఒక్క ఏళ్ళు పరాయి దేశంలో గడిపింది. హైడెల్‌బర్గ్‌ని మళ్ళీ చూడలేదు.

ఇదంతా చదివాక అటక మీద నుంచి ఒక అట్టపెట్టె దించాను. నేను అమెరికా వచ్చిన కొత్తలో మా అమ్మ రాసిన ఏరోగ్రాములు అందులో ఉన్నాయి. ఫోన్ కార్డులు చవకయ్యాక నేను రాయడం మానేశాను. నేను రాయకపోయేసరికి కొన్నాళ్ళకి అమ్మా మానేసింది. ఇప్పుడు అమ్మ లేదు. ఫోన్లో ఏం మాట్లాడుకున్నామో ఒక్క ముక్కా మిగల్లేదు.

మా అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది, చదవడం రాదు. అందుకని ఆదివారం పూట ఒక్కో ఉత్తరం పైకి చదివి వినిపిస్తున్నాను. మొన్న, "అమ్మమ్మ ఇక్కడేం రాసింది?" అని ఒక వాక్యం కింద వేలు పెట్టింది. అక్షరం అక్షరం కూడబలుక్కుని తననే చదవమన్నాను. పావుగంట పట్టింది. "వేళకి తింటున్నావా?" అని ఉంది.