మాట వినబడితేనే పాట

అరకు కొండల్లో పాటలు ఇప్పుడు ఫోన్లలోనే రికార్డవుతున్నాయి. తుడుం మోతలో మునిగిపోతున్న గొంతును పైకి తెచ్చేదెలా?

చైత్రమాసంలో ఇటుకల పండుగ వచ్చిందంటే అరకు, పాడేరు గూడేల్లో థింసా నృత్యం మొదలవుతుంది. డప్పు, తుడుం, కిరిడి, మోరి, జోడుకొమ్ములు మోగుతాయి. ఆ సందడిని దాచుకోవడానికి చేతిలో ఫోనుంటే చాలు. తీరా ఇంటికొచ్చి వింటే తుడుం దెబ్బలే మిగులుతాయి. పాడిందేమిటో ఒక్క ముక్క అర్థం కాదు.

ఇది చిన్న నష్టం కాదు. ఈ కొండల్లోనూ, చుట్టుపక్కలా మూడు భాషా కుటుంబాలు కలిసి బతుకుతున్నాయి. కువి, కొండ భాషలు ద్రావిడాలు. సవర, గుతోబ్ గదబ ముండా భాషలు. ఆదివాసీ ఒడియా ఆర్యభాష. గిడుగు వెంకట రామమూర్తి సవర భాషకు 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు అందించారు. కొండ భాషపై భద్రిరాజు కృష్ణమూర్తి రాసిన గ్రంథం 1969లో వచ్చింది. పుస్తకాలకెక్కని మాటలెన్నో ఇంకా పాటల్లోనే ఉన్నాయి. గొంతు వినబడని రికార్డింగులో ఆ మాటలు దక్కవు.

లోపం ఎక్కడ?

ఎదురుగా కూర్చుని వింటున్నప్పుడు మన రెండు చెవులూ, కళ్లూ కలిసి గాయని గొంతును ఏరుకుంటాయి. మైకుకు ఆ నేర్పు లేదు. పైగా చాలా ఫోన్లు శబ్దాన్ని వాటంతటవే సర్దుతాయి. తుడుం దెబ్బ పడగానే మొత్తం స్థాయిని దించేస్తాయి. దాంతో గొంతూ అణిగిపోతుంది. మాటకు స్పష్టతనిచ్చే హల్లుల ధ్వని ఎక్కువగా 2,000 నుంచి 4,000 హెర్ట్‌జ్ మధ్య ఉంటుంది. మోరి కీచుదనం, డప్పు పుల్ల దెబ్బ కూడా అక్కడే వచ్చి పడితే మాట మరుగున పడుతుంది.

ముందు దూరం, తర్వాతే మీటలు

ఆరుబయట దూరం రెట్టింపయినప్పుడల్లా శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. మైకును గాయనికి అర మీటరు దూరంలో పెట్టి, డప్పును నాలుగు మీటర్ల అవతల నిలబెడితే, పక్కనే మోగినప్పటికంటే అది 18 డెసిబెల్స్ తగ్గి వినిపిస్తుంది. ఏ సాఫ్ట్‌వేరూ ఇంత తేలిగ్గా ఈ మేలు చేయలేదు.

జట్టుగా పాడేవాళ్లను విడదీసి ఒక్కొక్కరినీ గదిలో నిలబెడితే ఊపు పోతుంది. అందుకే రెండు ఫోన్లు వాడండి. ఒకటి గాయనుల ముందు, రెండోది వాద్యాల దగ్గర. మొదట్లో గట్టిగా ఒక చప్పట కొట్టించండి. తర్వాత ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ చప్పట గుర్తుతో రెండు ట్రాకులనూ కలపవచ్చు.

కలిపేటప్పుడు ముందుగా గొంతును మాత్రమే వినండి. స్త్రీల గొంతులో 100 హెర్ట్‌జ్ కింద ఉండేది చాలావరకు గాలి హోరే కాబట్టి దాన్ని కోసేయవచ్చు. తర్వాత వాద్యాలను కొద్దికొద్దిగా పెంచండి. మాట మసకబారిన చోట గొంతు పెంచకండి. వాద్యాల ట్రాకులో 2,000–4,000 హెర్ట్‌జ్ భాగాన్ని రెండు మూడు డెసిబెల్స్ తగ్గించండి. ప్రతిధ్వని ఎక్కువైతే అక్షరాలు అలుక్కుపోతాయి, పొదుపుగా వేయండి.

చివరగా, తక్కువ శబ్దంతో వినండి. శబ్దం తగ్గినకొద్దీ మంద్రస్వరాలు చెవికి మరింత పలచబడతాయని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపారు. అలా విన్నప్పుడూ మాట తెలుస్తోందో లేదో చూడండి. ఫోన్ స్పీకర్‌లోనూ ఓసారి విని చూడండి. ఎక్కువమంది వినేది అందులోనే.

తీర్పు గూడెంలోనే

మిక్సింగ్ కుదిరిందో లేదో తేల్చాల్సింది ఆ భాష తెలిసిన పెద్దలు. ఒకసారి వినిపించి పాటను చెప్పమనండి. ఎక్కడ తడబడితే అక్కడ డప్పు తగ్గించండి. తాళం చెడకూడదు, నిజమే. కానీ మాట, మోత రెండింటిలో ఒకదాన్ని తగ్గించాల్సి వస్తే తగ్గాల్సింది మోతే.

ఈసారి పండుగకు పాట పట్టే యువతకు ఒక్క మనవి. పాడినవాళ్ల అనుమతి తీసుకోండి. వాళ్ల పేర్లు, ఊరు, భాష, తేదీ రాసిపెట్టండి. వాద్యాలు కలపక ముందున్న గొంతు ట్రాకును చెరపకుండా భద్రపరచండి.