దూరవిద్యలో విజ్ఞానశాస్త్ర పట్టాలు: వయోజన అభ్యాసకులకు ఎదురయ్యే అవరోధాలు

ఉపోద్ఘాతం

1982లో హైదరాబాదు కేంద్రంగా ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలో ఈ కోవకు చెందిన మొదటి సంస్థ. 1991లో దీనికి డా. బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) స్థాపితమైంది. చదువు మధ్యలో ఆగిపోయినవారికి, ఉద్యోగాలు చేస్తున్నవారికి, గృహిణులకు ఉన్నతవిద్యను చేరువ చేయడం ఈ వ్యవస్థ లక్ష్యం. చరిత్ర, రాజనీతి, వాణిజ్యం వంటి విషయాల్లో ముద్రిత పాఠ్యసామగ్రి ఆ లక్ష్యాన్ని చాలావరకు నెరవేర్చగలదు. విజ్ఞానశాస్త్రాల విషయంలో మాత్రం అది ఒక్కటే సరిపోదు. ఇందుకు గల కారణాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

వయోజన విద్యకు ఎదురయ్యే అవరోధాలను కె. ప్యాట్రీషియా క్రాస్ 1981లో మూడు విధాలుగా వర్గీకరించారు: జీవన పరిస్థితులకు సంబంధించినవి, విద్యాసంస్థల విధానాలకు సంబంధించినవి, అభ్యాసకుల మనోవైఖరికి సంబంధించినవి. విజ్ఞానశాస్త్రాల్లో వీటికి తోడు ఆ శాస్త్రాల స్వభావం నుండే పుట్టే అవరోధాలను ప్రత్యేకంగా గుర్తించవలసి ఉంటుంది.

ప్రవేశార్హత – పూర్వజ్ఞానం

ఇగ్నో బి.ఎస్‌సి.లో చేరడానికి ఇంటర్మీడియట్ స్థాయిలో విజ్ఞానశాస్త్ర విషయాలు చదివి ఉండాలి. పదహారేళ్ల వయసులో ఆర్ట్స్ గ్రూపు తీసుకున్న వ్యక్తి ముప్పై అయిదేళ్లకు రసాయనశాస్త్రం చదవదలిస్తే, ముందుగా సార్వత్రిక పాఠశాల ద్వారా ఆ స్థాయిని పూర్తిచేయాలి. అక్కడ కూడా ప్రయోగ పరీక్షలు ఉంటాయి. అర్హత ఉన్నవారి స్థితి కూడా సులభం కాదు. పాత ధ్రువపత్రం చెల్లుతూనే ఉంటుంది కాని, పదిహేనేళ్ల విరామంలో కలనగణితం మరుగున పడుతుంది. భౌతికశాస్త్రంలో మొదటి పాఠాలకే అవకలనం, సమాకలనం అవసరమవుతాయి. చరిత్రలో ఒక అధ్యాయం అర్థం కాకపోయినా తరువాతి అధ్యాయం చదవవచ్చు. యాంత్రికశాస్త్రంలో ఆ వెసులుబాటు లేదు.

ప్రయోగశాల – కాలం, దూరం

ఇగ్నో విధానంలో ఒక క్రెడిట్ అంటే ముప్పై గంటల అధ్యయనం. ప్రయోగ కోర్సులకు అభ్యాసకులు స్వయంగా హాజరు కావడం తప్పనిసరి. ప్రయోగశాలలు సాధారణంగా ఆతిథ్య కళాశాలలవి కాబట్టి, అక్కడి రెగ్యులర్ విద్యార్థుల తరగతులకు అడ్డు రాని రోజుల్లోనే అవి అందుబాటులోకి వస్తాయి. ఆ రోజులు ఉద్యోగి సెలవులతో కలవాలి. చిన్నపిల్లలున్న తల్లికి వరుసగా కొన్ని రోజులు వేరే ఊళ్లో ఉండే వీలు దొరకాలి. రోజుకూలీపై బతికే వ్యక్తికి హాజరయ్యే ప్రతి దినమూ ఆదాయనష్టమే. ఆ విధంగా ఇంటినుండి చదువుకోవచ్చన్న దూరవిద్య ప్రధాన సౌలభ్యం ప్రయోగాల దగ్గర ఆగిపోతుంది.

బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ 1971లో బోధన ప్రారంభించినప్పుడు ఈ సమస్యను మరొక విధంగా ఎదుర్కొంది. విజ్ఞానశాస్త్ర విద్యార్థుల ఇళ్లకే ప్రయోగ సామగ్రి పెట్టెలను పంపింది. మెకార్థర్ రూపొందించిన చిన్న ప్లాస్టిక్ సూక్ష్మదర్శిని వాటిలో ప్రసిద్ధం. వీటికి వేసవి శిబిరాలు తోడయ్యాయి. మన దేశంలో కేంద్రప్రభుత్వ వర్చువల్ ల్యాబ్స్ ప్రయోగ క్రమాన్ని తెరపై నేర్పుతున్నాయి. అయితే అంశమాపనంలో ఫినాఫ్తలీన్ లేత గులాబీ రంగుకు తిరిగే క్షణాన్ని కంటితో పట్టుకోవడం, బ్యూరెట్ రీడింగులో దృష్టిదోషాన్ని నివారించడం చేతితో చేస్తేనే అలవడతాయి. కాబట్టి వర్చువల్ ప్రయోగశాల పూర్వసన్నాహంగా ఉపకరిస్తుందే తప్ప ప్రత్యామ్నాయం కాలేదు.

పరిభాష

తెలుగు మాధ్యమంలో చదివినవారికి ద్రవ్యవేగం, త్వరణం, కర్బన రసాయనశాస్త్రం వంటి పదాలు సుపరిచితాలు. చాలాకాలం తరువాత ఆంగ్ల పాఠ్యసామగ్రి చేతికి వచ్చినప్పుడు, తమకు తెలిసిన భావనే ‘మొమెంటం’ అన్న పేరుతో కొత్తదిగా కనిపిస్తుంది. తరగతిగదిలో ఉపాధ్యాయుడు రెండు పదాలనూ కలిపి పలికి ఈ సందేహాన్ని తీరుస్తాడు. ఒంటరిగా చదివేవారు దానిని తమ అసమర్థతగా భావించి వెనుదిరిగే ప్రమాదం ఉంది. క్రాస్ చెప్పిన మనోవైఖరి అవరోధానికి ఇక్కడ మూలం భాషలోనే ఉంది.

గుర్తింపు

కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు అనుమతి లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగ్ పట్టాలపై 2017లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. 2001–2005 మధ్య చేరినవారి పట్టాలను నిలిపివేసి, పరీక్షలో ఉత్తీర్ణులైతేనే పునరుద్ధరించాలని ఆదేశించింది. సంస్థల తప్పిదానికి మూల్యం అభ్యాసకులు చెల్లించవలసి వచ్చింది. 2020 నాటి యూజీసీ నిబంధనలు ఇంజనీరింగ్, వైద్యం, ఫార్మసీ, నర్సింగ్ వంటి కోర్సులను దూరవిద్యలో నిషేధించాయి. గుర్తింపు పొందిన దూరవిద్య పట్టాలు సంప్రదాయ పట్టాలతో సమానమని 2022లో యూజీసీ స్పష్టంచేసింది. ఈ రెండు అంశాల మధ్య భేదం తెలియక కొందరు చెల్లని కోర్సుల్లో చేరవచ్చు. మరికొందరు చెల్లే కోర్సులనూ అనుమానించవచ్చు.

ముగింపు

పై పరిశీలనను బట్టి ఈ చర్యలు అవసరమని భావించవచ్చు:

1. ప్రవేశానికి ముందు గణిత, విజ్ఞానశాస్త్రాల్లో సేతు కోర్సు నిర్వహించడం.
2. ప్రయోగ గంటలను విడతలుగా విభజించి, సమీప ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో సెలవుదినాల్లో ఏర్పాటు చేయడం. తేదీలను ఏడాది ముందే ప్రకటించడం.
3. ప్రతి పాఠ్యభాగానికీ తెలుగు–ఆంగ్ల పదపట్టిక జతచేయడం.
4. కోర్సు గుర్తింపు వివరాలను దరఖాస్తులోనే తెలుగులో ముద్రించడం.

ఈ నాలుగింటిలో రెండవది ఖర్చుతో కూడినది. కాని ప్రయోగశాల అందని విజ్ఞానశాస్త్ర కోర్సు వయోజనులకు పేరుకే తెరిచి ఉంటుంది కనుక, సార్వత్రిక విశ్వవిద్యాలయాలు మొదట దృష్టి పెట్టవలసింది దానిపైనే.